జివ్వు: లేదు

3 మార్చి 1985, ఆదివారం

ఎడమచేత్తో రాయడం నాకు ఇదే మొదటిసారి. అక్షరాలు వంకరగా వచ్చినా విషయం తిన్నగా ఉంటుందని నాకు నేనే హామీ ఇచ్చుకుంటున్నాను. ఈ డైరీని చదివే అధికారం కృపానందం అనే నాకు తప్ప ఎవరికీ లేదు. నాకు కూడా కేసు తేలిన తరువాతనే.

సంగతి ఇది. గత నెల పదిహేడో తేదీన, ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చిన తరువాత, నా భార్య ఎలీసమ్మకు తమ్ముడూ, మా కంచెకు అవతలి కాపురస్తుడూ అయిన బాబూరావు, సరిహద్దు చెట్టు బొండాం నరుకుతూ నా కుడి మణికట్టును కూడా నరికాడు. ఆ కొబ్బరిచెట్టు మొదలు మా వైపు, తల వాళ్ళ వైపు ఉంది. మా మామగారు స్థలాన్ని కూతురికీ కొడుక్కీ పంచినప్పుడు చెట్టుకు తల కూడా ఉంటుందన్న విషయం పరిశీలించలేదు. బొండాలు ఎవరివన్న వివాదం నా పెళ్ళి నాటి నుండి పెండింగులో ఉంది.

కేసు తేలేవరకు ఇతనిని ఈ పుటలలో ముద్దాయి అని మాత్రమే పేర్కొంటాను. పేరు వాడితే పక్షపాతం చూపినట్టు అవుతుంది.

అమలాపురంలో ఒక నర్సింగ్‌హోములో కుట్లు వేశారు. కాంపౌండరు దూదితో చేతులు తుడుచుకుంటూ, "డాక్టరుగారు నరం కుట్టేసేరండి. ఆయ్, ఇంక బెంగ పడక్కర్లేదండి" అన్నాడు. పోలీసు స్టేషనులో నేనిచ్చిన ఫిర్యాదులో ఆ మాటనే సరైన భాషలో పెట్టాను: "కుడిచేతి నరము తెగినది. కుట్టబడినది." రాజోలు సమితి ఆఫీసులో మేనేజరుగా ఇన్నేళ్ళూ ఇతరుల వాక్యాలు దిద్దినవాడిని. ఇందులో దిద్దవలసినది ఏమీ కనిపించలేదు.

బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు: ఈ మూడూ ప్రస్తుతం ఎవరివో నాకు తెలియదు.

10 మార్చి

ఎలీసమ్మ పరిశ చేప వండిన గిన్నె కడుగుతూ, నా వైపు చూడకుండా అడిగింది: "బొండాం నరుకుతున్నవాడి చేతిలోంచి బొండాం లాక్కోబోయిందెవరండీ?"

ఈ ప్రశ్న విషయానికి సంబంధించనిది.

ఆ రోజు ముద్దాయి అన్న మాటలు మాత్రం విషయానికి సంబంధించినవి. కత్తి ఎత్తి పట్టుకుని, నవ్వుతూ, "మా నాన్న చెట్టండి బావగారూ. మీకు కావాలంటే ఇస్తాను. అడగండి" అన్నాడు. ఫిర్యాదులో ఇది రాయలేదు. మర్యాదగా మాట్లాడటం ఏ సెక్షను కిందా నేరం కాదని స్టేషను రైటరు చెప్పాడు.

11 మార్చి

అడగండి.

28 ఏప్రిల్

వేళ్ళలో మార్పు లేదు. కాంపౌండరును మళ్ళీ విచారించాను. "నరం కదండీ, నెమ్మదిగా వస్తుందండి" అన్నాడు. ఎక్కడి నుండి వస్తుందో చెప్పలేదు.

9 జూన్

ముద్దాయి వాకిట్లోకి వచ్చి, మెట్ల కింద నిలబడ్డాడు. నేను పేపరు ఎత్తి పట్టుకున్నాను. అతను తన అక్కతో మాట్లాడుతున్నట్టుగా నాతో మాట్లాడాడు.

"మస్కట్‌లో మా చిన్నాన్నగారబ్బాయి ఉద్యోగం చూసేడక్కా. గోడౌనులో. పాస్‌పోర్టుకి పోలీసులు కేసుందని రాసేశారంట. బావగారు పెద్దమనసు చేసుకుంటే..."

నేను పేపరు వెనుక నుండి, "పెద్దమనసు గురించి చట్టంలో ఏమీ లేదని చెప్పు" అన్నాను.

ఎలీసమ్మ చెప్పలేదు. అతను మూడడుగుల దూరంలోనే ఉన్నాడు కాబట్టి చెప్పనవసరం లేదని ఆమె భావించి ఉండవచ్చు.

"వస్తానండి బావగారూ," అని వెళ్ళిపోయాడు. మెట్ల మీద రెండు బొండాలు ఉన్నాయి. సాక్ష్యంగా దాచాను. కుళ్ళిపోయాయి.

21 జూలై

ఉదయం చూస్తే చూపుడువేలికి పెద్ద బొబ్బ. నిన్న కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడు కాలి ఉండాలి. వేలు నాకు తెలియజేయలేదు. కింది ఉద్యోగి ఆఫీసు తగలబడుతుంటే పైఅధికారికి కబురు చేయకపోవడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

ఎలీసమ్మ వెన్న రాసింది. వేలిని అటూ ఇటూ తిప్పి చూసింది. చివరకు, "మద్రాసు వెళదామండి. పాస్టరుగారల్లుడు అక్కడ పెద్దాసుపత్రిలోనే ఉన్నాడు" అన్నది.

29 ఆగస్టు

సెలవు చీటీలో "నరముల శస్త్రచికిత్స నిమిత్తము" అని రాశాను. మధ్యాహ్నానికి ఆఫీసులో నడవడిక మారింది. గుమాస్తాలు నన్ను చూసి గొంతు తగ్గించారు. సాయంత్రం అటెండరు నూకయ్య తలుపు దగ్గరగా వేసి నిలబడ్డాడు.

"మనసులో పెట్టుకోకండి మేనేజరుగారూ. మా తోడల్లుడికీ ఇదేనండి. తాడేపల్లిగూడెంలో ఒకాయన పొట్లాలిస్తాడండి. మద్రాసు దాకా ఎందుకండి."

"ఏం పొట్లాలు?"

"నరాల బలహీనతకండి."

చేయి ఎత్తి మణికట్టు చూపించాను. ఇది చేతికి సంబంధించిన విషయమని, మరి దేనికీ కాదని స్పష్టం చేశాను.

"ఆయ్. నేనూ చేతికనే చెప్పేనండి అందరికీ. నమ్మటంలేదండి" అన్నాడు నూకయ్య.

ఇంటికి వచ్చేసరికి కంచె అవతల నుండి ముద్దాయి భార్య జయమ్మ పలకరిస్తోంది: "వదినగారూ, అన్నయ్యగారి నరాలకి మద్రాసంటండీ? పాపం, మీకెంత కష్టమండీ." ఎలీసమ్మ బట్టలు తీసుకుని లోపలికి వచ్చింది. నవ్వు ఆపుకుంటోందని నాకు అనుమానం. నమోదు చేస్తున్నాను.

10 సెప్టెంబరు, మద్రాసు

సఖినేటిపల్లి రేవు దాటి నర్సాపురంలో రైలెక్కాము. ఇక్కడి సర్జనుగారు నెల్లూరాయన. తెలుగు మాట్లాడతాడు, తనదైన పద్ధతిలో. నా చేయి తిప్పి చూసి, పాత కాగితం చదివి, కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు.

"మీకు నరం కుట్టినామని ఎవురు చెప్పినారు?"

"కాంపౌండరు."

"కుట్టినాడులే. రక్తం పారే నరాన్ని కుట్టినారు. దాన్ని కుట్టకుంటే మీరు ఈ కుర్చీలో ఉండరు. స్పర్శ పారే నరం వేరే ఉండాది. అదీ తెగింది. దాన్ని ఎవురూ ముట్టుకోలేదు. డాక్టరు ఇంగ్లీషులో ఇక్కడ రాసే ఉండాడు, పెద్దాసుపత్రికి పొమ్మని. చదవలేదా?"

డాక్టరు చేతిరాత అని సమాధానమిచ్చాను. ఇన్నేళ్ళు నేను చదవలేని చేతిరాత లేదు. ఆ కాగితాన్ని నేను చదవలేదు. చదవవలసిన అవసరం లేదనుకున్నాను, నరం కుట్టేశారు కాబట్టి.

మన భాషలో రక్తం పారేది నరం. స్పర్శ పారేది నరం. కండను ఎముకకు పట్టి ఉంచేదీ నరమే. ఒకే పేరున ముగ్గురు ఉద్యోగులుంటే జీతం ఎవరికి ముట్టిందో ఎలా తెలుస్తుంది. ఈ లోపానికి బాధ్యులను నిర్ణయించవలసి ఉంది. ప్రస్తుతానికి ముద్దాయి.

తెగిన రెండు కొసలూ ఇన్ని నెలల్లో ఒకదానికొకటి దూరం జరిగాయి. మధ్య ఖాళీ బొటనవేలి కణుపంత ఉంటుందట. లాగి కుట్టడానికి రాదు. రెండు మార్గాలు చెప్పాడు. ఒకటి, కాలి పిక్కలోంచి ఒక స్పర్శ నరం తీసి ఖాళీలో అతకడం. అప్పుడు పాదం అంచున స్పర్శ పోతుంది.

"కాలిని చేతికి డిప్యుటేషను మీద పంపడం," అన్నాను.

"అంతే. కానీ తిరిగి రాదు."

రెండోది కొత్త పద్ధతి. ముంజేతి మీద రక్తం పారే సన్న నరం ముక్క తీసి, దానిని గొట్టంలాగా ఖాళీలో పెట్టి, తెగిన కొసలను రెండు మూతుల్లో దూర్చి కుట్టడం. పై కొస నుండి స్పర్శ నరం మొలకవేసి, ఆ గొట్టంలో పాకి, అవతలి కొసను పట్టుకుని, అక్కడి నుండి వేళ్ళదాకా వెళుతుంది. గొట్టం లేకపోతే దోవ తప్పి, కండలో పడి, గడ్డ కడుతుంది.

"ఎవరికైనా చేశారా?"

"కుక్కలకు శానా చేసినాము. మనుషులకు తక్కువ. ఖాళీ చిన్నది కాబట్టి అడగతా ఉండా."

ముందు ఉదాహరణ లేనిది ఏదీ నేను ఇంతవరకు మంజూరు చేయలేదు. కాని కాలు ఈ కేసులో కక్షిదారు కాదు. దానిని ఇందులోకి లాగడం అన్యాయమని రెండోదానికి ఒప్పుకున్నాను.

"అంటే," అన్నది ఎలీసమ్మ నెమ్మదిగా, "నరం తెగిన చోట నరం పెట్టి, నరంలో నరం పెంచుతారన్నమాట అండీ."

"ఆమెకు అర్థమయింది సూడండి," అన్నాడు సర్జను.

చిటికెనవేలు వేరే నరం కిందిదని, దానికి ఏమీ కాలేదని, ఎప్పటికీ ఏమీ కాదని కూడా చెప్పాడు. ఎలీసమ్మ నా చిటికెనవేలు గిల్లి చూసింది. నొప్పి పెట్టింది. ఇంత గట్టిగా అవసరం లేదు.

12 సెప్టెంబరు

ఆపరేషను జరిగింది. సూక్ష్మదర్శిని కింద, వెంట్రుక కంటె సన్నని దారంతో కుట్టారట. నాకు తెలియదు. నేను హాజరులో లేను.

13 అక్టోబరు, ఆదివారం

కట్టు తీశారు. సర్జను ఆదేశాలు: నరం నెలకు అంగుళం చొప్పున పాకుతుంది. వారానికొకసారి రోగి కళ్ళు మూసుకోవాలి. ఇంకొకరు వేలితో మణికట్టు నుండి కిందికి తడుతూ రావాలి. ఎక్కడ జివ్వుమంటే నరం మొలక అక్కడిదాకా చేరినట్టు.

ఆ ఇంకొకరు ఎలీసమ్మ. ఆదివారం భోజనాల తరువాత, హాల్లో బల్ల దగ్గర. ఆమె తట్టుతుంది, "ఇక్కడండీ?" అంటుంది. నేను చెబుతాను.

జివ్వు: లేదు.

20 అక్టోబరు

జివ్వు: లేదు.

1 డిసెంబరు

ఎలీసమ్మ మణికట్టు మడతకు కొంచెం కింద తట్టింది.

చూపుడువేలు కొసన, ఎవరో లోపలి నుండి తలుపు తట్టినట్టు. తేలుకుట్టినట్టు కాదు. తిమ్మిరెక్కిన కాలు నేల మీద పెట్టినప్పటిలాగా. జివ్వున.

ఉలిక్కిపడి చేయి లాక్కున్నాను. ఎలీసమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తరువాత లేచి, కంచె దగ్గరకు వెళ్ళి, "ఒరేయ్, మీ బావగారికి వచ్చిందిరా" అని కేకవేసింది. అవతల నుండి "దేవునికి స్తోత్రం" అని ముద్దాయి గొంతు వినిపించింది.

ముద్దాయికి సమాచారం ఇవ్వడం సరికాదని ఆమెకు తెలియజేశాను.

ఒక సంగతి రాయాలి. చాలా ఆనందంగా ఉంది.

18 డిసెంబరు

రాజోలు కోర్టులో సర్కారు వకీలును కలిశాను. చేయి కోలుకుంటున్నదని చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది.

"అయ్యో. ఎంతవరకు వస్తుందంటారండి?"

"పూర్తిగా రావచ్చునంటున్నారు."

"శాశ్వత నష్టం అని కేసు కట్టేమండి. చెయ్యి వచ్చేసిందంటే ఏముందండి, చిన్న దెబ్బ అయిపోతుంది. మందలించి వదిలేస్తారు. ఆ అబ్బాయి మర్నాడే మస్కట్ విమానం ఎక్కుతాడండి." గొంతు తగ్గించాడు. "మీ అదృష్టం అనుకోండి. ఆయ్, చెయ్యి వస్తే మంచిదేగా."

తిరుగు ప్రయాణంలో బస్సులో కిటికీ ఊచ పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఊచలు చల్లగా ఉంటాయన్న విషయం నాకు ముందు నుండీ తెలుసు.

22 డిసెంబరు

జివ్వు: లేదు.

ఎలీసమ్మ, "మొన్నటిదాకా ఇక్కడ వచ్చింది కదండీ" అన్నది.

మొలకలు కొన్ని ఎండిపోతాయని చెప్పాను.

5 జనవరి 1986

జివ్వు: లేదు.

9 ఫిబ్రవరి

జివ్వు: లేదు. మధ్యాహ్నం కునుకు తీస్తుండగా బొటనవేలిపై ఈగ వాలింది. వాలినట్టు ఎలా తెలిసిందంటే, చూశాను. కళ్ళు మూసుకుని ఉన్నప్పటికీ.

13 ఏప్రిల్

సాయంత్రం ప్రార్థనకు బయలుదేరుతుండగా కరెంటు పోయింది. ఎలీసమ్మ లాంతరు వెలిగించి తెచ్చేసరికి నేను చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాను. కుడిచేత్తో. ఏడాదిగా ఆ పని ఆమె చేస్తున్నది.

లాంతరు ఎత్తి పట్టుకుని గుండీల వైపు కొంతసేపు చూసింది.

"ఎడమచేయి అలవాటు పడింది," అన్నాను.

"మరి ఎడమచేతికున్న వాచీ పట్టీ ఏ చేత్తో పెట్టుకున్నారండీ?" అన్నది.

ప్రార్థనలో కాపరిగారు క్షమాపణ గురించి మాట్లాడారు. అవసరానికి మించి సాగదీశారు.

18 మే

ఈరోజు ఒక విధాన లోపం జరిగింది. రాసి ఉంచడం మంచిది.

కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఎలీసమ్మ అరచేతిలో తట్టి, "ఇక్కడండీ?" అన్నది. "లేదు." చూపుడువేలి మొదట తట్టి, "ఇక్కడండీ?" "లేదు." తరువాత నడిమివేలి మీద తట్టింది. "లేదు" అన్నాను.

తట్టడం ఆగింది.

"నేనింకా అడగలేదండి," అన్నది.

కళ్ళు తెరిచాను. ఆమె నన్ను చూడటంలేదు. తన వేలి కొసను చూసుకుంటోంది, అది ఏదో తప్పు చేసినట్టు.

"వాడికి డిసెంబరు ఆఖరుదాకానే ఆ ఉద్యోగం. తరవాత ఇంకొకర్ని పెట్టుకుంటారంట. మీకు తెలుసు కదండీ."

తెలుసునని, ఆ విషయం నా చేతి నరానికి తెలియదని చెప్పాను.

17 ఆగస్టు

వరద. కోర్టు వాయిదా. గోదారి వాకిట్లో ఉంది. ముద్దాయిది పెంకుటిల్లు, మాది మేడ. ముద్దాయినీ జయమ్మనూ వారి బియ్యం బస్తాలతో సహా మా మేడమీద ఉండటానికి తాత్కాలికంగా అనుమతించాను. అనుమతి ఇచ్చేసరికి వారు రెండు గంటలుగా అక్కడే ఉన్నారు.

19 ఆగస్టు

నీరు తీస్తోంది. మొన్నటి ఒక విషయం. ముద్దాయి నడుంలోతు నీటిలో నిలబడి బస్తాలకు తాడు కడుతూ ఉంటే, పైనుండి లాగడానికి నేను తప్ప మగవారు లేరు. లాగాను. నాలుగో బస్తాకు తాడు జారిపోతుంటే, నాకు తెలియకుండానే, జారుతున్నట్టు తెలిసి బిగించి పట్టుకున్నాను. తాడు చూస్తూ లేను. బస్తా నిలిచింది.

ముద్దాయి కింద నుండి తల ఎత్తి చాలాసేపు చూశాడు. వర్షం ముఖం మీద పడుతోంది.

"పట్టు బాగా వచ్చిందండి బావగారూ."

"తాడే చేతిని పట్టుకుంది."

"ఆయ్," అన్నాడు. ఇంకో బస్తా కట్టాడు.

20 ఆగస్టు

ఇప్పుడు ముద్దాయికి తెలుసు. తన వకీలుకు చెబుతాడు. ఎవరైనా చెబుతారు. నేనైతే అదే రోజు ఈదుకుంటూ వెళ్ళి చెప్పేవాడిని.

12 నవంబరు, బుధవారం

ఈరోజు విచారణ. ఎలీసమ్మ ఆఖరు బెంచీలో కూర్చుంది. ముద్దాయి తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. పాస్‌పోర్టు ఫొటో కోసం కుట్టించుకున్నదే.

బోనెక్కి జరిగినది చెప్పాను. తరువాత ముద్దాయి వకీలు తాతారావు లేచాడు. వచ్చేముందు అతను వరండాలో ముద్దాయి భుజం మీద చేయి వేసి, "ఆయన చెయ్యి సంగతి నీకేమైనా తెలిస్తే ఇప్పుడే చెప్పవయ్యా" అనడం నేను విన్నాను. ముద్దాయి, "నాకేం తెలుసండి" అనడం కూడా విన్నాను. ఇదొక ఎత్తు అనుకున్నాను.

"మేనేజరుగారూ, మీ ఫిర్యాదులో నరము తెగినది, కుట్టబడినది అని రాసేరు. కుట్టేస్తే ఇంకేం నష్టమండి?"

"కుట్టినది వేరే నరం."

"ఎన్ని నరాలండి చేతికి?"

కోర్టులో నవ్వారు. వెనుక నుండి ఎవరో "బలహీనత" అన్నారు. మేజిస్ట్రేటుగారు బల్ల కొట్టారు. తాతారావు అనుమతి తీసుకుని, నన్ను కళ్ళు మూసుకోమన్నాడు. పెన్ను మూతతో తాకుతూ అడిగాడు.

"ఇప్పుడండీ?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు."

బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. ప్రతిసారీ మూత అంచు, దాని క్లిప్పు, అంతా పుస్తకంలో చదివినంత స్పష్టంగా ఉంది. చెమట కూడా పట్టలేదు. ఏడాది సాధన వృథా కాలేదు.

"ఇప్పుడండీ?"

"లేదు."

"రాసుకోండి," అన్నారు మేజిస్ట్రేటుగారు.

కళ్ళు తెరిచాను. మూత చిటికెనవేలి మీద ఉంది.

ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నరం తెగిందంటే చెయ్యంతా పోయినట్టేనని సర్కారు వకీలుకూ, తాతారావుకూ, కోర్టువారికీ ఒకే అభిప్రాయం. చిటికెనవేలు వేరే నరం కిందిదని, దానికి ఏనాడూ ఏమీ కాలేదని ఆ గదిలో ఇద్దరికే తెలుసు. ఒకరు బోనులో ఉన్నారు. రెండోవారు ఆఖరు బెంచీలో తల వంచుకుని కొంగు అంచు చూసుకుంటున్నారు.

మేజిస్ట్రేటుగారు ముద్దాయిని, "నువ్వేమైనా చెప్పుకుంటావా?" అని అడిగారు.

ముద్దాయి నా వైపు చూశాడు. ఇప్పుడు బస్తాల సంగతి చెబుతాడనుకున్నాను. జవాబు తయారుగా ఉంచుకున్నాను.

"మా బావగారు చెప్పిందేనండి. ఆయన అబద్ధం ఆడరండి."

దీనిని నేరాంగీకారంగా పరిగణించవచ్చును.

19 నవంబరు

తీర్పు. నేరం రుజువైంది. జరిమానా, కోర్టు లేచేదాకా శిక్ష. అనగా కోర్టువారు సాయంత్రం లేచి వెళ్ళేవరకు ముద్దాయి ఒక మూల బెంచీ మీద కూర్చోవాలి. కూర్చున్నాడు. ఎలీసమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. ఇద్దరూ సోడా తాగారు. శిక్షలో సోడాకు అవకాశం ఉన్నదా అని సర్కారు వకీలును అడిగాను. ఆయన కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

శిక్ష చిన్నదే. అయితే రుజువైన కేసు ఉన్నవారికి ఇప్పట్లో పాస్‌పోర్టు రాదట. మస్కట్ విషయం ముగిసినట్టే. ఇకమీదట అతను ఎప్పటికీ కంచె అవతలే ఉంటాడు. ఈ సంగతిని తీర్పుకు ముందు ఎవరూ నా దృష్టికి తేలేదు.

ఆఖరు బస్సులో ముగ్గురం వచ్చాము. టిక్కెట్లు అతనే తీశాడు. నా చేయి పనిచేయదు కాబట్టి.

తీర్పు వచ్చినందున ముద్దాయి అనే పదం ఇక చెల్లదు. దోషి అని రాయవలసి ఉంటుంది. రెండుసార్లు మొదలుపెట్టాను. ప్రస్తుతానికి బాబూరావు అని ఉంచుతున్నాను.

20 నవంబరు

ఆఫీసులో అందరూ కోర్టు సంగతి విన్నారు. నూకయ్య నా బల్ల మీదికి కాగితాలు తెచ్చి, సిరాముద్ర దిండు మీద నా ఎడమ బొటనవేలు తనే అద్ది, తనే ముద్ర వేయించాడు. "సంతకం ఎందుకండి, కోర్టువారే చెప్పేరుగా." పూర్వం నా కింద పనిచేసిన గుమాస్తాలలో ఇద్దరు వేలిముద్రలు వేసేవారిని వెక్కిరించేవారు. నేను వారిని మందలించిన గుర్తు లేదు.

కుడిచేయి జేబులో ఉంది. జేబులో బస్సు టిక్కెట్టు, దాని చిల్లు, చిల్లు అంచు. అన్నీ తెలుస్తున్నాయి.

23 నవంబరు, ఆదివారం

ఎలీసమ్మ మామూలుగానే వచ్చి కూర్చుంది. నేను కళ్ళు మూసుకున్నాను. మణికట్టు, అరచేయి, మూడు వేళ్ళు. "ఇక్కడండీ? ఇక్కడండీ?" అన్నిటికీ లేదన్నాను. ఇకమీదట వేరే జవాబుకు వీలు లేదు. అది కోర్టు రికార్డు.

చివరకు చిటికెనవేలు పట్టుకుంది. ఏనాడూ పరీక్షించని వేలు. తట్టలేదు. మద్రాసులో గిల్లినంత గట్టిగా గిల్లింది. వదలలేదు.

"ఇక్కడండీ?"

ఆమె గోరు దిగిన చోట నొప్పి మోచేతిదాకా వచ్చింది.

"లేదు."

"సరేనండి," అన్నది. వేలు వదిలింది. కుర్చీ బల్ల కిందికి జరిపి, లోపలికి వెళ్ళింది.

30 నవంబరు, ఆదివారం

భోజనాల తరువాత బల్ల దగ్గర కూర్చున్నాను. ఎలీసమ్మ కంచె అవతల ఉంది. జయమ్మ ఏదో అంటోంది, ఎలీసమ్మ ఏదో అంటోంది. నా గురించి కాదు. వంకాయల గురించి.

నియమం ప్రకారం కుడిచేయి బల్ల మీద వెల్లకిలా పెట్టి, కళ్ళు మూసుకున్నాను. చాలాసేపు ఎవరూ రాలేదు.

అప్పుడు సరిహద్దు చెట్టు కింద బాబూరావు బొండాం నరకడం మొదలుపెట్టాడు. కత్తి చప్పుడు ఒక్కొక్కటే వస్తోంది. మూడో దెబ్బకు ఆగి, "బావగారూ, బొండాం తాగుతారాండీ?" అని కేకవేశాడు. నేను కళ్ళు తెరవలేదు. మళ్ళీ కత్తి ఎత్తిన చప్పుడు.

జివ్వు: ఉంది. మణికట్టు దగ్గర, తెగిన చోట.